రెండు వేళ్ల గ్రీజు

మా కష్టాలన్నీ మా ఊరి సేల్స్ టాక్స్ ఆఫీసరుగారు లంచం తీసుకోకపోవడం వల్ల వచ్చాయి. ఆయన తీసుకునే మనిషే అయితే ఇంత కథ నడిచేది కాదు, నేను రాసేవాణ్ణీ కాదు, మీకు చదివే శ్రమా ఉండేది కాదు.

నా పేరు ధనుంజయరావు. ఆటోనగర్ మూడో రోడ్డులో శ్రీ కోదండరామ మోటార్ వర్క్స్ నాదే. నాదే అని బోర్డు మీద ఉంది గానీ, నిజానికి ఆ షెడ్డు నడిచేది సైదులు మేస్త్రీ చేతుల మీద. నలభై ఏళ్లుగా కార్ల కింద పడుకున్న మనిషి. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజను మీద పెట్టి, రెండో కొస చెవికి ఆనించుకుని, డాక్టరు గుండె చూసినట్టు చూసి రోగం ఎక్కడుందో చెప్పేస్తాడు. బోల్టు విప్పకముందే సగం పని అయిపోతుంది.

అవి అమ్మకం పన్ను రోజులు. రిపేరు షెడ్లకు ఒక కొత్త నియమం వచ్చింది. బండిలోకి వెళ్లిన సరుకు మీద పన్ను వెయ్యాలి, మేస్త్రీ పడ్డ శ్రమ మీద వెయ్యకూడదు, బిల్లులో ఈ రెండూ విడివిడిగా చూపించాలి. అంతవరకూ మేమంతా “బండి బాగు చేసినందుకు ఇంత” అని ఒక్క ముక్క రాసి కాయితం చింపి ఇచ్చేవాళ్లం. రాసినవాడికీ బాధ లేదు, చదివినవాడికీ బాధ లేదు.

మూడో రోడ్డులోని మిగతా షెడ్లవాళ్లు ఆ నియమం విని, “ఓహో” అని, పాత పద్ధతిలోనే బిల్లులు రాసుకున్నారు. నేనొక్కణ్ణే ఆఫీసుకు వెళ్లి సందేహం అడిగాను. పన్ను సక్రమంగా వెయ్యాలన్న బుద్ధి నాకెందుకు పుట్టిందో ఇప్పటికీ అంతుపట్టదు. మా ఆవిడ మాత్రం అప్పుడు నాకు గ్రహాలు బాగాలేవంటుంది.

ఆఫీసరుగారి పేరు సోమయాజులు. మల్లెపువ్వులాంటి చొక్కా. కాఫీ ఇంటి నుంచి ఫ్లాస్కులో తెచ్చుకుంటారు. ఫైలు కాయితం తిప్పినప్పుడల్లా వేళ్లు రుమాలుతో తుడుచుకుంటారు. మాట్లాడితే గెజిట్ చదివినట్టుంటుంది.

“సార్, టైరు మారిస్తే టైరు మీద పన్ను, ఆయిలు పోస్తే ఆయిలు మీద పన్ను. ఇది తెలిసింది. గ్రీజు సంగతే తెలియడం లేదు,” అన్నాను.

“గత సంవత్సరమున మీరు కొనుగోలు చేసిన గ్రీజు ఎంత?”

“వంద కిలోలండి.”

“వాహనములలోనికి ప్రవేశించినది?”

“ఎనభై ఉంటుందండి.”

“మిగతా ఇరువది కిలోలు?”

ఇక్కడ నేను “ఎండకు కారిపోయిందండి” అని ఉంటే సరిపోయేది. “ఎలుకలు డబ్బా దొర్లించాయండి” అన్నా సరిపోయేది. నిజం చెప్పాను.

“మా మేస్త్రీ సైదులు చేతులకు అంటుకుందండి.”

సోమయాజులుగారు కలం మూత పెట్టారు.

“అనగా, సదరు సైదులు అను వ్యక్తి దేహమునందు, శాఖకు తెలియకుండా, ఇరువది కిలోల సరుకు నిల్వ ఉన్నదన్నమాట.”

“ఒక్కసారే ఉండదండి. ఏ రోజుది ఆ రోజు కడుక్కుంటాడు గదా.”

“కడుగుట తరువాతి విషయము. ముందు అంటుట సంగతి తేలవలెను,” అన్నారాయన. సందేహం వచ్చిన వెంటనే శాఖను సంప్రదించినందుకు నన్ను మెచ్చుకున్నారు కూడా. ఇకముందు కూడా ఏ సందేహం వచ్చినా మొహమాటపడకుండా అడగమన్నారు.

మర్నాడు పొద్దున్నే జీపులో వచ్చారు. సైదులు చక్రం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. డబ్బాలోకి రెండు వేళ్లు దించి, గ్రీజు తోడి, అరచేతిలో వేసుకుని, బేరింగును అరచేతికేసి రుద్దుతున్నాడు.

“ఎంత తీసితివి?”

“రెండేళ్లండి.”

“గ్రాములలో చెప్పుము.”

“గ్రాములు నాకేం తెలుసండి? స్కూటరుకి ఒక ఏలు, కారుకి రెండేళ్లు, లారీకి నాలుగేళ్లు. ఇంక చాలయ్యా అని బేరింగే చెబుద్ది.”

సోమయాజులుగారు నావైపు తిరిగారు. “ధనుంజయరావుగారూ, మీ వ్యాపార స్థలములో వేలు అనునది కొలతగా వాడుకలో ఉన్నది. వ్యాపారమునందు వాడు ప్రతి కొలతకును తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండవలెను. ఈ వేళ్లకు ముద్ర ఉన్నదా?”

సైదులు తన వేళ్లు ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకున్నాడు. “పచ్చబొట్టు కూడా లేదండి,” అన్నాడు.

వారం తిరక్కుండా తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఇత్తడి గుండ్లు, త్రాసు, చెక్క పెట్టెతో సహా వచ్చారు. సైదులు పది వేళ్లనూ ఒక్కొక్కటే గ్రీజులో ముంచి, తీసి, గీకి, తూచారు. కుడి మధ్యవేలు పద్నాలుగు గ్రాములు. చిటికెన వేలు ఆరు. ఎడమ చూపుడు వేలు చిన్నప్పుడు కారు బానెట్‌లో పడి నలిగింది కాబట్టి తక్కువ తూగింది. దాన్ని “లోపభూయిష్టమైన కొలత” అని రాసి వాడకం నుంచి తొలగించారు. చలికి గ్రీజు గట్టిపడి వేలికి ఎక్కువ వస్తుందని నేను నోరు జారాను. దాంతో వేసవి వేలికి ఒక సర్టిఫికెట్టు, శీతాకాలపు వేలికి ఒక సర్టిఫికెట్టు వచ్చాయి. కణుపు కణుపుకీ ఊదా సిరాతో ముద్ర పడింది. సామర్థ్యం మారిపోతుంది కాబట్టి శాఖ అనుమతి లేనిదే గోళ్లు తియ్యకూడదని చెప్పి, సంతకం తీసుకుని వెళ్లారు.

నా దగ్గర ఇంకా ఇద్దరు మెకానిక్కులు ఉండేవారు. ఇదంతా చూసి, “మా ఏళ్లు మాకు కావాలి బాబుగారూ,” అని ఆ సాయంత్రమే పక్క షెడ్డులో చేరిపోయారు. ముద్ర ఉన్న వేళ్లు మొత్తం మూడో రోడ్డుకి సైదులువి తొమ్మిదే మిగిలాయి.

బిల్లులు మాత్రం చట్టప్రకారం తయారయ్యాయి. ఒక ప్లీడరుగారి కారుకు నేనిచ్చిన బిల్లు నాకింకా గుర్తుంది. “గ్రీజు: కుడి మధ్యవేలు ఒకటి, కుడి ఉంగరపు వేలు ముప్పావు, వేసవి రేటు.” ఆయన దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివి, “ఏమయ్యా, ఆ మిగతా పావు వేలు ఏమైంది?” అని అడిగారు. ఆయన ప్లీడరు కాబట్టి అడిగారు. మిగతావాళ్లు అడక్కుండానే వేరే షెడ్లకు పోయారు.

సైదులు ఊరు చెక్‌పోస్టు దాటాక మూడు కిలోమీటర్లు. రోజూ సైకిలు మీద వెళ్లొస్తాడు. ఒక సాయంత్రం చెక్‌పోస్టు గుమాస్తా కర్ర అడ్డం పెట్టాడు.

“చేతుల్లో ఏంది?”

“సైకిలు హ్యాండిలండి.”

“చేతుల మీద?”

“గ్రీజండి.”

“వే బిల్లు ఏది?”

సరుకు చెక్‌పోస్టు దాటాలంటే వే బిల్లు ఉండాలి. అది చట్టం. మూడు కాపీలు. ఒకటి చెక్‌పోస్టుకి, ఒకటి సరుకు తోలుకెళ్లేవాడికి, ఒకటి సరుకు చేరే చోట అందుకున్నవారు సంతకం పెట్టి వాపసు పంపడానికి. అంటే సైదులు భార్య నాగేంద్రమ్మ రోజూ సాయంత్రం మొగుడు ఇంటికి రాగానే, కాళ్లకు నీళ్లిచ్చే ముందు, “పైన తెలిపిన సరుకు మంచి స్థితిలో అందినది” అని సంతకం చెయ్యాలి.

మూడు రోజులు చేసింది. నాలుగో రోజు సరాసరి సేల్స్ టాక్స్ ఆఫీసుకు వెళ్లి, గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికి వెళ్లి నిలబడింది. నేను వెనకాలే పరిగెత్తాను.

“ఏంది బాబూ ఇది? మంచి స్థితేంది, అందటమేంది? అది సరుకా? మురికి గదా! కాస్త కిరసనాయిలు పోసి రుద్దితే పోయే మురికి!”

సోమయాజులుగారికి కోపం రాలేదు. ఆయనకు కోపం రాదు. అదొక కష్టం ఆయనతో.

“అమ్మా, మీరు గృహిణులు కనుక మురికి అనుచున్నారు. శాఖ దృష్టిలో అది కొనుగోలు చేసిన సరుకు. కొనిన సరుకు అమ్ముడుపోవు వరకు సరుకే. మీ ఇబ్బంది మాత్రము నాకు అర్థమైనది. ఒక వెసులుబాటు చూపించెదను.”

ఆ వెసులుబాటు ఏమిటంటే, సైదులు చేతులను మా షెడ్డుకు అదనపు గోడౌనుగా రిజిస్టరు చెయ్యడం. గోడౌనులో సరుకు గోడౌనులోనే ఉంటుంది కాబట్టి వే బిల్లు అక్కర్లేదు. గోడౌను సైకిలెక్కి ఇంటికి పోతుందని నేను గుర్తుచేస్తే, గోడౌను కదలకూడదని చట్టంలో ఎక్కడా లేదన్నారు. కుడిచెయ్యి గోడౌను నెంబరు రెండు, ఎడమచెయ్యి నెంబరు మూడు. గోడౌనుకు బోర్డు తప్పనిసరి. వ్యాపార సంస్థ పేరూ రిజిస్ట్రేషన్ నెంబరూ రాసిన రేకు బోర్డు ఒకటి చేయించి సైదులు మెళ్లో వేశాం. పొద్దున తొమ్మిదింటికి చేతుల మీద ప్రారంభ నిల్వ ఎంత, సాయంత్రం ఆరింటికి ముగింపు నిల్వ ఎంత అని రాయడానికి ఒక రిజిస్టరు పెట్టాం.

“బాబుగారూ, నేను మేస్త్రీనా, గోడౌన్నా?” అన్నాడు సైదులు ఒకరోజు.

“మేస్త్రీవే సైదులన్నా. చేతులు మాత్రమే గోడౌను,” అన్నాను. అని సిగ్గుపడ్డాను. నేను వెళ్లి ఆ పాడు సందేహం అడక్కపోతే ఆ చేతులు చేతుల్లాగే ఉండేవి.

ఇలా ఉండగా సైదులు మనవరాలికి అన్నప్రాశన వచ్చింది. ఒక్కగానొక్క కూతురు మల్లీశ్వరి పురిటికి వచ్చి పుట్టింట్లోనే ఉంది. పిల్లకు అయిదో నెల. ఆదివారం ముహూర్తం. మొదటి ముద్ద మేనమామ పెట్టాలి. మల్లీశ్వరికి అన్నదమ్ములు లేరు కాబట్టి తాతే పెట్టాలని పెద్దలు తేల్చారు. సైదులు ఆ మాట షెడ్డుకొచ్చిన ప్రతి కస్టమరుకీ చెప్పాడు. బాగుచేయించుకోవడానికి బండి లేని వాళ్లను కూడా రోడ్డు మీద ఆపి చెప్పాడు.

మల్లీశ్వరి ఊరికే ఒక మాట అంది. “నాన్నా, ఆ చేతుల్తోనే పిల్ల నోట్లో పెడతావా?”

అది అతనికి ముల్లులా గుచ్చుకుంది. బుధవారం సాయంత్రం మొదలుపెట్టాడు. కిరసనాయిలుతో కడిగాడు. రంపపు పొట్టుతో రుద్దాడు. కుంకుడు పులుసు, నిమ్మచెక్క, చింతపండు, ఇటుక రాయి, అన్నీ అయ్యాయి. గురువారం పొద్దున షెడ్డుకొచ్చి చేతులు చాపి చూపించాడు. తెల్లగా, ముడతలు పడి, ఎవరివో గుమాస్తా చేతుల్లా ఉన్నాయి. గోళ్ల మూలల్లో మాత్రం సన్నటి నలుపు మిగిలింది. అది నలభై ఏళ్ల నలుపు, దానికి సబ్బు పుట్టలేదు.

“ఇయ్యాల పని ముట్టుకోను బాబుగారూ. ఆదివారం దాకా ముట్టుకోను,” అన్నాడు. నేను సరేనన్నాను. పిల్లకు మొదటి ముద్ద పెట్టే చెయ్యి కదా.

పదకొండింటికి సోమయాజులుగారు ఆకస్మిక తనిఖీకి వచ్చారు.

రిజిస్టరు తెరిచారు. బుధవారం ముగింపు నిల్వ ముప్పై ఎనిమిది గ్రాములు. సైదులు చేతులు అటూ ఇటూ తిప్పి చూశారు. భూతద్దం పెట్టి గోళ్లు చూశారు.

“ప్రస్తుతము రెండు గ్రాములకు మించి లేదు. ముప్పై ఆరు గ్రాముల సరుకు ఏమైనది?”

“కడుక్కున్నానండి,” అన్నాడు సైదులు మెరుస్తున్న మొహంతో. ఆ మాట తన మీదే పడుతుందని అతనికి తోచలేదు.

“అనగా, శాఖకు ముందస్తు సమాచారము లేకుండ, పన్ను విధింపదగిన సరుకును ఉద్దేశపూర్వకముగ నాశనము చేసితిరి. విచారణ పూర్తియగు వరకు గోడౌనులు రెండింటికి సీలు వేయక తప్పదు.”

వేశారు. మణికట్టు దాకా కోరా గుడ్డ సంచులు తొడిగి, పురికొసతో కట్టి, లక్క కరిగించి, ముడి మీద ముద్ర వేశారు. కాలకుండా సంచి కింద అట్టముక్క పెట్టించారు. ఆ మేరకు దయగల మనిషే.

“విచారణకి ఎన్నాళ్లు పట్టుద్దండి?” అన్నాడు సైదులు.

“నాలుగు వారములు.”

“ఆదివారం మా పిల్లకి అన్నం ముట్టియ్యాలండి. నేనే ముట్టియ్యాలి.”

“శిశువునకు నా ఆశీస్సులు. గోడౌను విషయములో మాత్రము వీలుపడదు,” అని సోమయాజులుగారు రుమాలుతో వేళ్లు తుడుచుకుని జీపెక్కారు.

సైదులు ఏడవలేదు. ఏడిస్తే తుడుచుకోవడానికి చేతులు లేవనేమో. ఆ రెండు సంచుల్నీ మోకాళ్ల మీద పెట్టుకుని, రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాడు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు. శుక్రవారం రెండుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగాను. అర్జీ ఇమ్మన్నారు, ఇచ్చాను. ఎవరి అర్జీ అన్నారు. సైదులుదన్నాను. అయితే సంతకం అతనే చెయ్యాలన్నారు.

శనివారం మధ్యాహ్నం. నాగేంద్రమ్మ క్యారేజీ తెచ్చి, షెడ్డులో బల్ల మీద కూర్చోబెట్టి, మొగుడికి ముద్దలు కలిపి పెడుతోంది. అతను చిన్నపిల్లాడిలా నోరు తెరుస్తున్నాడు. రేపు నోరు తెరవాల్సిన పిల్ల వేరు, ముద్ద పెట్టాల్సిన చెయ్యి వేరు.

అంతలో రోడ్డు మీద కీచుమని ఒక చప్పుడు. ఒక జీపు ముక్కుతూ మూలుగుతూ వచ్చి మా షెడ్డు ముందు ఆగింది. అది ఎవరి జీపో సైదులు చూడక్కర్లేదు, విన్నాడు.

“సేల్స్ టాక్స్ జీపు. ముందు ఎడమ చక్రం. బేరింగులో గ్రీజు ఎండిపోయింది,” అన్నాడు నోట్లో ముద్దతోనే. “ఇట్టాగే ఇంకో పది కిలోమీటర్లు పోతే, చక్రం ఆఫీసరుగారి కంటే ముందు పోద్ది.”

సోమయాజులుగారు దిగారు. మూడింటికి జిల్లా కేంద్రంలో డిప్యూటీ కమిషనరుగారి సమీక్షా సమావేశం. వేలి కొలతల విధానం మీద ఈయనే ప్రసంగించాలి. టైము ఒంటిగంటన్నర. ఈయన జీపు చప్పుడు వినగానే రోడ్డు పొడుగునా షట్టర్లన్నీ దిగిపోయాయి. తెరిచి ఉన్నది మాదొక్కటే.

“సత్వరము మరమ్మతు చేయుడు,” అన్నారు.

“సైదులు చేతులు సీల్లో ఉన్నాయండి.”

“మీరు చేయుడు.”

“చక్రం విప్పి పెడతానండి, అది ఉత్త శ్రమ. గ్రీజు మాత్రం ముట్టలేను. నా వేళ్లకు ముద్ర లేదు. ముద్ర లేని వేలితో వ్యాపారస్తుడు గ్రీజు ముడితే నేరమని తమరే సెలవిచ్చారు.”

ఆయన డ్రైవరు వంక చూశారు. “స్టీరింగు, బ్రేకు, హారను. ఇంతవరకే నా డ్యూటీ చార్టులో ఉంది సార్,” అన్నాడు డ్రైవరు.

సోమయాజులుగారు కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ నియమావళి అంతా ఒకసారి తిరగేశారు. కళ్లు తెరిచారు.

“వాహనము యొక్క స్వాధీనదారు స్వహస్తములతో చేసికొనిన పని నియమము పరిధిలోనికి రాదు. వంద గ్రాముల గ్రీజు తూచి, ప్రభుత్వ జీపు పేర బిల్లు వేయుడు. పన్ను కూడ వేయుడు,” అన్నారు. మల్లెపువ్వు చొక్కా చేతులు పైకి మడిచారు.

నేను జాకీ వేసి చక్రం విప్పాను. త్రాసులో గ్రీజు తూచి, బిల్లు రాసి ఇచ్చాను. ఆయన గొంతుక్కూర్చున్నారు. పక్కన సైదులు గుడ్డ సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

“అరచేతిలో ఏసుకోండి సార్. భయపడమాకండి, కరవదు. ఇప్పుడు బేరింగుని అరచేతికేసి నొక్కండి. అట్టా పొడిచినట్టు కాదండి, ముద్ద కలిపినట్టు... ఆ ఉక్కు గుళ్ల మజ్జెలోకి పోవాలి. ఆఁ, తిప్పండి. ఇంకోసారి. అబ్బో, సారుకి పని వచ్చే!”

“అటుపక్క నుంచి గ్రీజు బయటకొస్తోందే!” అన్నారు సోమయాజులుగారు. ఆయన మామూలు మనిషి మాట మాట్లాడటం నేను వినడం అదే మొదలు. “ఇది భలేగా ఉందయ్యా సైదులూ!”

“అట్టా వచ్చిందంటే నిండినట్టండి. బేరింగు చాలంటంది.”

చక్రం బిగించాను. తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. సోమయాజులుగారు చిన్నపిల్లాడిలా ఇంకోసారి తిప్పి చూసుకున్నారు. తర్వాత లేచి, రుమాలు కోసం జేబులోకి చెయ్యి పెట్టబోయి, చెయ్యి చూసుకుని ఆగిపోయారు. రెండు చేతులూ మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి.

అప్పుడు నాకు రెండోసారి సందేహం వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు ఒళ్లు మరిచి అడిగాను. ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకునే అడిగాను.

“సార్, ఏ సందేహం వచ్చినా మొహమాటపడొద్దని అన్నారు. జీపు పేర వంద గ్రాములు బిల్లు వేశాను. సైదులన్నా, చక్రంలోకి ఎంత పోయింటుంది?”

“డెబ్బై ఉంటుద్ది,” అన్నాడు సైదులు. గ్రాములు వచ్చేశాయి అతనికి, ఇన్నాళ్ల చదువు కదా.

“మిగతా ముప్పై గ్రాములు?” అన్నాను.

సోమయాజులుగారు తన చేతుల వంక చూసుకున్నారు. తర్వాతి లెక్క ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది ప్రభుత్వ సొత్తు. ఆయన సొంత చేతుల మీద ఉంది. అలాగే సమావేశానికి వెళితే వే బిల్లు లేకుండా చెక్‌పోస్టు దాటినట్టు. కడుక్కుంటే ముందస్తు సమాచారం లేకుండా నాశనం చేసినట్టు. ఇక్కడే ఉంటే రిజిస్టరు కాని గోడౌను.

ఇంకెవరైనా అయితే కసిరి జీపెక్కేవారు. ఆయన నిజాయితీపరుడని ముందే చెప్పాను. రెండు చేతులూ నా ముందుకు చాపారు.

“లక్క జీపులో ఉన్నది. సీలు వేయుడు,” అన్నారు.

“వేస్తానండి. వేసే అధికారం నాకిస్తున్నట్టు తమరు సంతకం పెట్టాలి. పెడితే కాయితానికి గ్రీజు అంటుకుంటుంది. అప్పుడు ఫైలుకు కూడా సీలు వెయ్యాలి.”

టైము రెండయింది. నాగేంద్రమ్మ క్యారేజీ మూత ఠపీమని పెట్టింది.

“ఏందయ్యా మీ ఇద్దరి గోల! మురికి బాబూ అది! మురికి! మా ఆయన చేతులదీ మురికే, మీ చేతులదీ మురికే. కిరసనాయిలు ఇస్తా, కడుక్కోండి!”

“మురికి...” అన్నారు సోమయాజులుగారు. ఆ మాట ఇదివరకు ఎన్నడూ విననట్టు అన్నారు. డ్రైవరు చేత చట్టం పుస్తకం తెప్పించి, నా చేత పేజీలు తిప్పించారు. పన్ను పడే సరుకుల జాబితాలు, అంటే షెడ్యూళ్లు, అన్నీ చదివారు. ముడి తోళ్లు ఉన్నాయి, చింతపిక్కలు ఉన్నాయి, కోళ్ల ఈకలు కూడా ఉన్నాయి. మురికి లేదు.

“లేదు,” అన్నారు. ఆయన మొహం విచ్చుకుంది.

“ఆ ముక్క రాసిస్తారా సార్?” అన్నాను.

బానెట్ మీద కాయితం పెట్టుకుని రాశారు. “సదరు సైదులు హస్తములయందు గల పదార్థమును క్రింద సంతకము చేసిన అధికారి స్వానుభవముతో పరిశీలించి, అది మురికి యని నిర్ధారించడమైనది. మురికి ఏ షెడ్యూలునందును లేనందున గోడౌనులు రెండింటిని తక్షణము విడుదల చేయడమైనది.” కింద సంతకం. పక్కన, ఆయన ప్రమేయం లేకుండానే, అయిదు వేళ్ల ముద్ర స్పష్టంగా పడింది. లక్క పగలగొట్టి, సైదులు చేతులకున్న సంచులు తనే విప్పారు. తర్వాత ఇద్దరూ ఒకే బకెట్టు దగ్గర కిరసనాయిలుతో చేతులు కడుక్కున్నారు.

“రేపు మా పిల్ల అన్నప్రాశనకి రావాలి సార్,” అన్నాడు సైదులు.

వచ్చారు. తన టిఫిను తను తెచ్చుకున్నారు, నీళ్లతో సహా. ఆహ్వానితుల్లో వ్యాపారస్తుణ్ణి నేనూ ఉన్నాను కాబట్టి అక్కడ ఏమీ ముట్టకూడదన్నారు. గోడకు ఆనించిన కుర్చీలో, రుమాలు మోకాలి మీద పరుచుకుని కూర్చున్నారు. ఆయన గోళ్ల మూలల్లో కూడా సన్నటి నలుపు కనబడింది. దాన్ని ఆయన దాచుకోలేదు.

సైదులు కొత్త పంచె కట్టుకుని, మనవరాల్ని ఒళ్లో పెట్టుకున్నాడు. పాయసంలో వేలు ముంచి, పిల్ల నోటికి అందించాడు. కుడి మధ్యవేలు, పద్నాలుగు గ్రాములు. ఊదా ముద్ర ఇంకా పూర్తిగా పోలేదు. పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, ఆ వేలిని రెండు చేతులా పట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. సైదులు కళ్లు తుడుచుకున్నాడు, తన చేత్తోనే. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోవడం దేనికి.

మళ్లీ అదే చేత్తో పిల్ల బుగ్గ పుణికాడు. చెయ్యి తీస్తే, గోటి మూల నలుపు అంటుకుని, బుగ్గ మీద కందిగింజంత నల్లటి చుక్క.

“దిష్టిచుక్క భలే కుదిరింది!” అని ఆడవాళ్లంతా నవ్వారు.

కుర్చీలోంచి సోమయాజులుగారు ముందుకు వంగారు. ఆ చుక్క వంక తేరిపార చూశారు.

“ధనుంజయరావుగారూ,” అన్నారు నెమ్మదిగా, “చేతులయందు ఉన్నంతవరకు అది మురికియే. అందులో అనుమానము లేదు. కాని దిష్టిచుక్కగా వినియోగించినచో, కాటుక, తిలకము మొదలగు అలంకరణ సామగ్రి క్రిందకు వచ్చును. వాటికి షెడ్యూలు వేరు.”

నాగేంద్రమ్మ ఒక్క ఉదుటున వచ్చి, చీర చెంగుతో ఆ చుక్క తుడిచేసింది.

“ఏ చుక్క బాబూ?” అంది.

ఆయన ఆ చెంగు వైపు చూసేలోగా నేను పాయసం గిన్నె తీసుకుని అడ్డంగా నిలబడ్డాను.